చేపల పెట్టెకు నేను పెట్టించిన మూత

వెంచర్ క్యాపిటలిస్టు అంటే ఏమిటో మా టెక్కలిలో ఒక్కరికి కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. నేను విశాఖపట్నంలో చిట్టీలు నడిపానని మా పిన్ని ఇప్పటికీ అనుకుంటుంది. ఒకసారి ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాను. "డబ్బున్నవాళ్ళ దగ్గర తీసుకుని, కొత్తగా కంపెనీలు పెట్టేవాళ్ళకి ఇస్తాం పిన్నీ. వాటిలో చాలావరకు మునిగిపోతాయి. ఒకటో రెండో నిలబడతాయి." ఆవిడ కాసేపు ఆలోచించి, "ఈ సంగతి బయటెక్కడా సెప్పకే తల్లీ" అంది.

ఆ పని మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు పలాసలో ఉంటున్నాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏం చదవాలి, ఏ లెక్కలు నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. లెక్కలు ఎవరైనా నేర్పుతారు. నా దగ్గర ఉన్నవి నేను చేసిన తప్పులు. వాటిలో చాలావరకు నవ్వుకుంటూ చెప్పుకునేవే. ఒక్కటి మాత్రం నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతాను. ఈసారి చివరిదాకా చెబుతాను.

తెర మీద బొట్టు

నేను డబ్బు ఇచ్చే మనిషిని కాకముందు డబ్బు అడిగిన మనిషిని. మా నాన్న టెక్కలిలో ఆఫీసు గుమస్తా. నేను ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, జీడిపప్పు మీది పొట్టు ఒలిచే యంత్రం తయారుచేస్తానని పలాస వచ్చేశాను. ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని, చిన్న చాకులతో పప్పు మీది ఎర్రటి పొట్టును గీకి తీస్తుంటారు. పప్పు విరిగితే ధర పడిపోతుంది. ఆ పని గాలితో చేయించాలన్నది నా ఆలోచన.

వెంకన్న సావుకారు అనే పెద్దాయన తన ఫ్యాక్టరీలో ఒక మూల నాకు చోటిచ్చాడు. నా మొదటి యంత్రం పొట్టుతో పాటు పప్పును కూడా గోడకేసి కొట్టింది. ఆయన వచ్చి నేలంతా కలయజూసి, "పొట్టు తియ్యడానికి సోటిచ్చాను గానీ, ఉప్మాకి రవ్వ సెయ్యమన్లేదు గదమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మూడో యంత్రం కుదిరింది. అప్పుడు బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి డబ్బు పెట్టడానికి వచ్చాడు. మంచివాడే. యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికి టచ్ స్క్రీన్ ఉంటే ఎలా ఉంటుంది?" అన్నాడు. యంత్రానికి ఉన్నవే రెండు మీటలు. ఒకటి నడపడానికి, ఒకటి ఆపడానికి. ఈ మాత్రానికి టచ్ స్క్రీన్ ఎందుకో నాకు బోధపడలేదు. పొట్టు పట్టిన వేళ్ళకు ఆ తెర పలకదని మాత్రం బాగా తెలుసు.

"చాలా మంచి ఆలోచన సార్" అన్నాను.

మీటలు పీకేసి తెర పెట్టించాను. ఆ ఏడు దసరాకి పనివాళ్ళు ఎప్పటిలాగే ఆయుధపూజ చేశారు. యంత్రానికి పసుపు రాశారు. బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూస్తే తెర అచ్చం ముఖంలా కనబడింది, సరిగ్గా దాని నడిమధ్యన పెట్టారు. తడి పసుపు అంచుల్లోంచి లోపలికి దిగి తెర ఆరిపోయింది. మీటలు లేవు కాబట్టి యంత్రమూ కదల్లేదు. పండగ వెళ్ళాక మూడు రోజులు ఫ్యాక్టరీ మళ్ళీ చాకులతోనే నడిచింది. బొట్టు పెట్టిన ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఏటమ్మా, బొట్టెడితే సచ్చిపోనాదేటి మీ మిసను?" అని అడిగింది. నేను నవ్వేశాను.

మీటలు మళ్ళీ పెట్టించాను. బెంగళూరు ఆయనకు మాత్రం ఇక్కడ వోల్టేజి సమస్య అని చెప్పాను. ఆయన నమ్మాడు. కంపెనీ నిలబడింది, పెరిగింది, కొన్నేళ్ళకు దాన్ని ఒక పెద్ద యంత్రాల కంపెనీకి అమ్మేశాను.

కుర్చీ మారాక

విశాఖపట్నంలో ఒక చిన్న పెట్టుబడి సంస్థ ఉండేది. దాని పెద్ద భాస్కర్ గారు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. నవ్వు ఆయన వంటికి పడదు. "కంపెనీ పెట్టినవాళ్ళ బాధ తెలిసిన మనిషి మాకు ఒకరు కావాలి, ఇందుమతి గారూ" అని నన్ను పిలిచాడు. భాగస్వామిగా చేరాను.

చేరిన వారానికే ఒక వింత గమనించాను. నా జోకులు బాగా పేలడం మొదలయింది. అంతకుముందు నేను ఏ జోకు వేసినా అవతలివాళ్ళు "ఆఁ, తర్వాత?" అనేవారు. ఇప్పుడు డబ్బు కోసం వచ్చిన కుర్రాళ్ళు నేను సగం చెప్పేసరికే పడీ పడీ నవ్వుతున్నారు. నాకు హాస్యం ఆలస్యంగా అబ్బిందనుకుని సంబరపడ్డాను. మా ఆయన ఒక్కడే మునుపటిలాగే ఉండిపోయాడు.

మీరు ఈ పనిలోకి వస్తే ఇది మీకూ జరుగుతుంది. జోకులే కాదు, మీ అభిప్రాయాలు కూడా ఉన్నట్టుండి చాలా గొప్పవైపోతాయి. అది తెలివి పెరగడం వల్ల కాదు. నాకు ఆ సంగతి తెలిసి ఉండాల్సింది, ఎందుకంటే అవతలి కుర్చీలో కూర్చుని "చాలా మంచి ఆలోచన సార్" అన్నదాన్ని నేనే. కానీ కుర్చీ మెత్తగా ఉంటే మనిషికి మరుపు తొందరగా వస్తుంది.

ముక్కు

నూకరత్నం మా ఆఫీసుకు తన పెట్టెను రైల్లో మోసుకుని వచ్చింది. ముప్పై దాటని పిల్ల. ఉద్దానం తీరంలో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. తండ్రి పడవ మీద సముద్రానికి వెళ్తాడు. తల్లి పోలమ్మ ఆ చేపల్ని గంపలో పెట్టుకుని, ఆటోలో కాశీబుగ్గ బజారుకు తెచ్చి అమ్ముతుంది. ఎండెక్కేసరికి గంపలో చేప మెత్తబడిపోతుంది. ఆ తర్వాత అడిగినంతకి ఇచ్చేసి ఇంటికి వెళ్ళడమే.

చిన్నప్పటి నుంచి అది చూసిన పిల్ల, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, కంచిలిలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుంది. కంచిలి చుట్టుపక్కల కొబ్బరి పీచుకు కొదవ లేదు. ఆ పీచును రెండు ప్లాస్టిక్ పలకల మధ్య గట్టిగా కూరి, ఐసు కరగకుండా నిలిచే పెట్టె చేసింది. తల మీదికి ఎత్తుకునేంత తేలిక. కింద ఐసు అర, దాని మీద వెడల్పాటి పళ్ళెం. నాలుగు చేపలు పళ్ళెంలో పరిచి, మిగతావి కింద దాచుకోవాలి. ఎంత బాగుందో చూడండి.

ఇప్పుడు నా సంగతి. మా ఇంట్లో చేప వండరు. నేను చేప తినలేదు, కొనలేదు, ముట్టుకోలేదు. పలాస స్టేషన్లో చేపల గంప పక్కన నిలబడవలసి వస్తే పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచిపోయే రకం. అలాంటి మనిషి, ఏసీ గదిలో కూర్చుని, చేపల పెట్టె మీద తీర్పు చెప్పడానికి సిద్ధమైంది.

"దీనికి మూత ఏదమ్మా?" అని అడిగాను.

"మూతెందుకు మేడం?"

"వాసన రాదూ? ఆటోలో, బస్సులో పక్కవాళ్ళు గొడవ చెయ్యరూ? ఆ పళ్ళెం తీసేసి, చుట్టూ రబ్బరు పట్టీ వేసి, బిగుతుగా మూత పెట్టు. నీలం రంగు వేస్తే చూడ్డానికీ బాగుంటుంది."

నూకరత్నం ఒక్క క్షణం నా ముఖం వైపు చూసింది. నా ముక్కు వైపు చూసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

"మంచి ఆలోచన మేడం" అంది.

నాకు చాలా సంతోషం వేసింది. మూత ఉండాలన్నది ఒప్పందంలో షరతుగా రాయించాను కూడా.

ఒక వాక్యం

నీలం పెట్టెలు తయారయ్యాయి. నూకరత్నం తీరం వెంబడి పల్లెల్లో తిరిగి, తెలిసిన నలభైమంది ఆడవాళ్ళకు వాటిని ఇచ్చింది. అత్తా, పిన్నీ, వదినా అని పిలిచే వాళ్ళే అందరూ. ఆమె మాట మీద తీసుకున్నారు. రెండు నెలలు తిరిగేసరికి కాశీబుగ్గ ఆటోల్లో మళ్ళీ గంపలే కనబడ్డాయి. పెట్టెలు ఇళ్ళల్లో ఉన్నాయి. ఒకావిడ మనవరాలి పుస్తకాలు పెట్టింది. ఇంకొకావిడ బియ్యం పోసుకుంది, పురుగు పట్టలేదని ఎంతో మెచ్చుకుంది.

రెండో విడత డబ్బు ఇవ్వాలా, కంపెనీ మూసేయాలా అని మేం తేల్చవలసిన రోజు దగ్గరపడింది. మూసేస్తే కంచిలి షెడ్డు పోతుంది. దానికంటే ముందు, ఆ పల్లెల్లో నూకరత్నం మాట పోతుంది. చదువుకుని వచ్చి అందరికీ బియ్యం డబ్బాలు అంటగట్టిన పిల్ల అయిపోతుంది.

కారణం ఏమిటో నివేదికలో రాయాలి. రాసింది నేనే. "వ్యవస్థాపకురాలికి మార్కెట్ మీద సరైన అవగాహన లేదు."

చేపల గంప పక్కన పుట్టి పెరిగిన పిల్ల గురించి, చేప ముట్టుకోని నేను రాసిన వాక్యం అది. మా రంగంలో ఇలాంటి వాక్యం గదిలో ఉండిపోదు. రేపు ఆమె ఇంకొకరి దగ్గరికి డబ్బు కోసం వెళ్తే, వాళ్ళు ముందు మాకే ఫోన్ చేస్తారు. మేం ఈ వాక్యం చదువుతాం. ఆ పిల్లకు ఇంకెక్కడా దారి ఉండదు.

తర్వాత నా మనస్సాక్షి నన్ను కాశీబుగ్గ తీసుకెళ్ళిందని రాద్దామనుకున్నాను. కానీ అబద్ధం. ఫైలుకు రెండు ఫొటోలు తక్కువయ్యాయని భాస్కర్ గారు వెళ్ళమన్నాడు.

కాశీబుగ్గ బజారులో ఒక పొద్దుట

నేను వస్తున్నానని నూకరత్నం చెప్పినట్టుంది, పోలమ్మ ఆ రోజు గంప మానేసి నీలం పెట్టె తెచ్చుకుని కూర్చుంది. నాకు ఒక పీట వేసింది. పమిట ముక్కు దాకా వెళ్ళబోతే బలవంతంగా ఆపుకున్నాను.

ఒకావిడ సంచీ పట్టుకుని వచ్చింది. మూసి ఉన్న పెట్టెను చూసింది, పక్క గంప దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ చేప మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, బేరమాడి కొనుక్కుంది. ఇంకొకావిడ వచ్చి అదే చేసింది. మూడో మనిషి ఆగి, "ఐసు సేపలేటి?" అని అడిగి, జవాబు కోసం కూడా ఆగకుండా నడిచిపోయాడు.

నాకు పౌరుషం వచ్చింది. "రండి, తాజా చేపలు, ఇవాళే వచ్చాయి" అని పిలవడం మొదలుపెట్టాను. మీటింగుల్లో మాట్లాడే గొంతుతో పిలిచాను కాబోలు, జనం ఆగారు గానీ చేపల్ని కాకుండా నన్ను చూశారు. ఒకాయన మర్యాదగా, "ఏటి మేడం, సర్వే సేత్తన్నారా? రేసన్ కార్డు తేవాలేటి?" అని అడిగాడు.

పోలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆపుకున్నాక మెల్లగా చెప్పింది. "మూతెట్టుకోని కూకుంతే ఏటో దాస్తన్నాననుకుంతారమ్మా. ఐసు సేపంతే ఎప్పుడిదో, ఏ ఊరిదో అంతారు. మొప్పెత్తి సూడాల, ఏలెట్టి నొక్కాల, వాసన సూడాల. అప్పుడు కొంతారు. ఆ వాసనే రాకుండా సేసీసేరు మీరు."

ఆమె మూత ఊడదీసి, వెల్లకిలా తిప్పి, పెట్టె మీద పళ్ళెంలా పెట్టింది. లోపలి నుంచి నాలుగు కానాగంత చేపలు తీసి దాని మీద పరిచింది. కాసేపట్లో చుట్టూ మనుషులు చేరారు. ఒకావిడ నన్ను చూసి, "ఆ సివరిది సూపించమ్మా" అంది. చేప చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది, జారిపోతోంది. ఒక వేలితో మొప్ప అంచు తాకాను. "గట్టిగెత్తు, కరవదులే" అంది ఆవిడ. ఎత్తాను. లోపల ఎర్రగా ఉంది. ఆవిడ కొనుక్కుంది. జీడిపప్పు యంత్రం మొదటిసారి అమ్ముడుపోయినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

ఎండెక్కేలోగా పెట్టె ఖాళీ అయింది. ఈలోగా కంచిలి నుంచి నూకరత్నం వచ్చింది. వెల్లకిలా ఉన్న మూతను, నా చేతులను చూసి అక్కడే నిలబడిపోయింది.

"మూతతో అమ్ముడుపోవని నీకు తెలుసా?" అని అడిగాను.

"తెల్సు మేడం."

"ఎప్పటి నుంచి?"

"మీరు సెప్పిన్రోజే."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

ఆమె మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని వేలితో లాగింది. "మూతొద్దంతే మీరు డబ్బులివ్వరనుకున్నాను మేడం. ఏటడిగినా ఔననీసి, సంతకాలయ్యాక నెమ్మదిగా సెప్దామనుకున్నాను. తరవాత ఎప్పుడు సెప్పాలో తెల్లేదు. ఇందరాడోళ్ళకి నా మాట మీద ఇచ్చీసేను."

పోలమ్మ కూతురి వైపు చూడకుండా ఖాళీ పెట్టెలో నీళ్ళు పోసి కడుగుతోంది. నాకు సిగ్గేసింది. ఆ పిల్ల నాకు భయపడి తనకు తెలిసింది మింగేసింది. నేను ఆ మౌనం తీసుకుని, తెలియనితనం అని పేరు పెట్టి, ఫైల్లో రాశాను. నేనూ ఒకప్పుడు వోల్టేజి సమస్య అని చెప్పి బతికినదాన్నే. తేడా ఏమిటంటే, నా అబద్ధాన్ని నమ్మిన మనిషి నా మీద అలాంటి వాక్యం రాయలేదు.

మీటింగు

విశాఖపట్నం వెళ్ళి ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట, "చేప తినని నేనే పళ్ళెం తీసేసి మూత పెట్టించాను. ఆ షరతు తప్పు. మొదటి నమూనా సరైనది" అని రాశాను.

భాస్కర్ గారు అది చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందుమతి గారూ, ఇలా రాస్తే రేపు మునిగిన ప్రతి కంపెనీ వాళ్ళూ మీ వల్లే మునిగామంటారు."

"వాళ్ళలో కొందరు నిజమే చెబుతారు సార్" అన్నాను.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన నివేదికను మొదటి పేజీ నుంచి మళ్ళీ తిరగేశాడు. ఆయన కాదంటే చేయగలిగింది ఇంకేమీ లేదు. రాజీనామా చేస్తే నా పరువు నిలబడుతుంది గానీ, ఆ పిల్ల షెడ్డు నిలబడదు.

చివరికి ఆయన, "మీరు చేప తినరని నాకు ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"మీరు అడగలేదు సార్."

"నేను తింటాను. కంచిలి నేనూ వస్తాను" అన్నాడు. రెండో విడత మంజూరు చేశాడు. పాత పెట్టెలన్నీ వెనక్కి తీసుకుని పళ్ళేలు అమర్చి ఇవ్వాలన్నది ఈసారి షరతు. ఆ షరతు నూకరత్నం అడిగి పెట్టించుకున్నది.

నాలుగు నెలల తర్వాత ఇద్దరం కంచిలి షెడ్డుకు వెళ్ళాం. బియ్యం పోసుకున్న ఆవిడ తన పెట్టె ఇవ్వనందట. ఆవిడకు ఇంకొకటి కొత్తది ఇచ్చారు. మిగతా అందరూ పళ్ళెం పెట్టెలతో బజారుకు వెళ్తున్నారు. పోలమ్మ మా కోసమని చేపలు తెచ్చింది. భాస్కర్ గారు మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, "ఇవాళ్టివే" అని నవ్వాడు. ఆయన పళ్ళు అంత బాగుంటాయని నాకు తెలియదు.

నాకు కూడా హుషారొచ్చింది. ఒక ఆలోచన తట్టింది. "నూకరత్నం, పళ్ళెం చుట్టూ సన్నటి వల కడితే ఈగలు వాలవు కదా. చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది."

ఆమె టేపుతో పెట్టె కొలుస్తోంది. తల ఎత్తలేదు.

"వొద్దు మేడం" అంది.

ఆలోచన మంచిదే గానీ అని ఏదైనా కలుపుతుందేమోనని చూశాను. కలపలేదు. పనిచేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపి నావైపు చూశారు, నాకు కోపం వస్తుందేమోనని. నిజమే, ఒక్క క్షణం చివుక్కుమంది. ఇన్నేళ్ళలో డబ్బు తీసుకున్న మనిషి ఎవరూ నా ముఖం మీద ఆ మాట అనలేదు.

"ఎందుకని?" అన్నాను.

"సేతికడ్డమొత్తాది. సెయ్యెట్టనియ్యకపోతే ఎవులూ కొనరు" అని చెప్పి, కొలత పలక మీద రాసుకుని, రెండో పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పుడు నా గుండెల మీది బరువు దిగింది. ఆ కంపెనీ ఇక బతుకుతుందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

భాస్కర్ గారు తన నోటుపుస్తకం నా ముందుకు జరిపాడు. "రాయండి" అన్నాడు. "వల వద్దు" అని రాసి, పక్కన నూకరత్నం పేరు రాశాను.

ఆ పెట్టెలు ఇప్పుడు కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా చేపల బజార్లలో కనిపిస్తాయి. ఒక్కదానికి కూడా వల లేదు.